పాకాల - రామప్ప - లక్నవరం: జనవరిలో నీటిపక్షులకు ఏ చెరువు, ఏ ఒడ్డు, ఏ టైం?

హన్మకొండ సైకిల్:
సంక్రాంతి దాటినంక రెండు రోజులు పాకాల, రామప్ప, లక్నవరం తిరిగి నీటిపక్షులను చూద్దామని ఎనిమిది మందిమి అనుకుంటున్నం. ఇద్దరికి తప్ప మిగతావాళ్లకు బైనాక్యులర్ కొత్త. ఊరికే చూసి రావడం కాకుండా జనవరిల జరిగే నీటిపక్షుల గణనకు పనికొచ్చేటట్టు లెక్క కూడా రాసుకు రావాలని ఉంది. ఏ చెరువు ముందు పెట్టుకోవాలి? ఎన్ని గంటలకు అక్కడ ఉండాలి? ఈసారి వానలు బాగా పడి అన్ని చెరువులూ మత్తడి దుంకినయ్ కాబట్టి పక్షులు కూడా మస్తుగ ఉంటయ్ అనుకోవచ్చా?

శిఖం గట్టు:
చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతా, ఎందుకంటే చాలామంది అక్కడే బోల్తా పడతారు. జనవరిలో చెరువు నిండుగా ఉంటే బాతులు ఎక్కువ ఉండవు, తక్కువ ఉంటయ్.

సూదితోక బాతు, గార్గనీ, షవలర్, కామన్ టీల్, ఇవన్నీ మునిగి తినేవి కావు. తల కిందికి, తోక పైకి పెట్టి మెడ అందినంత లోతులోనే తింటయ్. జానెడు, జానెడున్నర నీళ్లు దాటితే వాటికి అడుగు అందదు. ఉల్లంకులు, స్నైపుల వంటి ఒడ్డు పక్షులు ఇంకా పొట్టివి, వాటికి రెండు మూడు వేళ్ల నీళ్లు, మెత్తటి బురద కావాలి. లోతు నీళ్లలో దొరికేవి బొల్లికోళ్లు, బుడుబుంగలు, నీటికాకులు, పోచార్డుల వంటి మునిగే బాతులు.

కాబట్టి మీరు వెతకాల్సింది కట్టను కాదు, శిఖాన్ని. వాగు వచ్చి చెరువులో కలిసే వైపు, నీళ్లు వెనక్కి తగ్గుతూ బురద, పచ్చగడ్డి తేలే చోటు. కట్ట దగ్గర చెరువు అన్నిటికన్నా లోతు. పర్యాటకులంతా కట్ట మీద నిలబడి ఫొటోలు దిగి "పక్షులేం లేవు" అని పోతారు. పక్షులు వాళ్లకు ఎదురుగా రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంటయ్.

తూము నెం. 2:
పై మాటకు లెక్క కలుపుతాను. శిఖం వైపు నేల వాలు చాలా తక్కువ. 200 అడుగులకు ఒక అడుగు వాలు ఉన్నదనుకోండి, చెరువులో నీటిమట్టం ఒక్క అడుగు తగ్గితే 200 అడుగుల వెడల్పున కొత్త బురద బయటపడుతుంది. అదే కట్ట వైపు రాతి కట్టడం వాలు రెండుకు ఒకటి ఉంటే, అదే అడుగు తగ్గుదలకు రెండు అడుగుల రాయి కనిపిస్తుంది, అంతే.

యాసంగికి తూములు తెరిచాక మట్టం దిగడం మొదలవుతుంది. అలా దిగుతున్న రోజుల్లో ప్రతి ఉదయం తాజా బురద అంచు ఒకటి తయారవుతుంది. పురుగులు, నత్తలు, మొలకలు అక్కడే. ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా దిగే చెరువు పక్షులకు మంచిది.

బయలుదేరే ముందు రోజు గేజీ మట్టం కనుక్కోండి. తూము దగ్గర అడుగుల గుర్తులు ఉంటాయి, తూము చూసుకునే లష్కర్‌ను అడిగితే చెబుతారు. పాకాల పూర్తి మట్టం సుమారు 30 అడుగులు. దానికి నాలుగైదు అడుగులు తక్కువ ఉంటే మీ యాత్రకు ఇంకా మంచిది.

ఇంకొక తేడా. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలపు చెరువులు. గుట్టల మధ్య సందును కట్టతో మూసి నీళ్లు ఆపారు కాబట్టి రెండు పక్కలా గుట్టల వాలు నిటారుగా ఉండి, ఎగువ మాత్రమే పలచగా పరుచుకుంటుంది. పక్షులు ఆ ఎగువ మూలల్లోనే పోగవుతాయి. ధర్మసాగరం వంటి చోట దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వచ్చి పడుతుంటాయి, మట్టం సహజంగా దిగదు. అందుకే హన్మకొండకు దగ్గర అని దాన్ని మొదటి చెరువుగా పెట్టుకోవద్దు.

నర్సంపేట రోడ్:
తమ్మీ, పాకాలనే ముందు పెట్టుకో. హన్మకొండ నుంచి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ, నర్సంపేట దాటినంక అడివి రోడ్డు. జనవరి నడుమ మన దగ్గర పొద్దు పొడిచేది ఆరూ ముప్పావుకు. రాత్రంత పొలాల్లో మేసిన ఈల బాతులు తెల్లారంగ చెరువుకు తిరిగొస్తయ్. ఆరున్నరకు శిఖం దగ్గర ఉన్నవంటే గుంపులు దిగేది కనిపిస్తది. ఎనిమిదింటికి పోతే అవి నీళ్ల నడుమ మబ్బు మచ్చల్లెక్క ఉంటయ్, లెక్క పెట్టలేవు. అంటే ఇంట్ల ఐదింటికే కదలాలె.

ఎండ సంగతి మర్చిపోకు. పొద్దుగాల నీ వీపుకు ఎండ ఉండాలె. అంటే చెరువుకు తూర్పు ఒడ్డున నిలబడి పడమరకు చూడాలె. పడమటి ఒడ్డున ఉంటే ఎదురెండకు అన్ని బాతులూ నల్లగనే కనిపిస్తయ్. ముందే ఫోన్ల మ్యాపు తీసి ఏ దారి ఏ ఒడ్డుకు పోతదో చూస్కో.

పాకాల అయినంక మల్లంపల్లి మీదుగ ములుగు రోడ్డెక్కి రామప్ప పోవచ్చు, గంటన్నర పెట్టుకో. సాయంత్రం నాలుగింటి నుంచి చీకటి దాక అక్కడ. లక్నవరం రెండో రోజు పొద్దున, బుస్సాపూర్ మీదుగ.

ఒక్క హెచ్చరిక: మేడారం జాతర ఏడు అయితే తేదీలు చూస్కొని పెట్టుకోండి. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 దాక. దానికి రెండు వారాల ముందు నుంచే ములుగు - తాడ్వాయి రోడ్డు బండ్లతో నిండుతది, లక్నవరం గూడ జనంతో నిండుతది.

హన్మకొండ సైకిల్:
మంచిగ చెప్పిన్రు అన్నా. లెక్క రాసే పద్ధతి ఎవరైనా విడమర్చి చెప్తరా? యాప్‌లో టిక్ పెట్టుకుంటూ పోతే సరిపోదా?

బుడుబుంగ:
సరిపోదు. టిక్ పెడితే "ఈ జాతి ఉంది" అని తెలుస్తుంది, ఎన్ని ఉన్నాయో తెలియదు. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్నది. రెండో, మూడో వారాల్లో ఖండమంతా దాదాపు ఒకే సమయంలో లెక్కపెడతారు కాబట్టే ఒక చెరువు సంఖ్యను ఇంకో చెరువుతో, ఈ ఏటిని పోయిన ఏటితో పోల్చవచ్చు. మీ తేదీలు సరిగ్గా అందులోనే పడుతున్నాయి.

ఎనిమిది మంది ఒక్కచోట గుమిగూడి లెక్కపెట్టకండి. ఇద్దరిద్దరుగా నాలుగు జట్లు చేసుకోండి. ఒకరు బైనాక్యులర్ నుంచి కన్ను తీయకుండా సంఖ్య చెప్తారు, రెండోవారు రాస్తారు. చూసేవాళ్లే రాసుకుంటే కాగితం వైపు తలదించి ఎత్తేలోపు గుంపులో ఎక్కడ ఆపారో మర్చిపోతారు. చెరువు అంచును నాలుగు ముక్కలు చేసి, కనిపించే గుర్తుల మధ్య హద్దు పెట్టుకోండి: "ఎండిన చెట్టు నుంచి ఆ గుట్ట కొస వరకు" అన్నట్టు. అన్ని జట్లూ ఒకే సమయంలో పని ముగించాలి, ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు.

చిన్న గుంపును ఒక్కొక్కటిగా లెక్కించండి. వంద దాటితే ముందు పది పక్షులను లెక్కపెట్టి, అవి ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకోండి. అదే కొలతతో గుంపు మీదుగా జరుగుతూ పోండి. వేలల్లో ఉంటే వంద పక్షుల ముక్కను కొలతగా పెట్టుకోండి. గుంపు అంచున పక్షులు పలచగా, నడుమ దట్టంగా ఉంటాయి. అంచు నుంచి కొలత తీసుకుంటే మొత్తం తక్కువ వస్తుంది. దట్టమైన పెద్ద గుంపును అందరూ తక్కువే అంచనా వేస్తారు, ఎక్కువ వేసేవాళ్లు అరుదు. కాబట్టి ఇద్దరూ విడివిడిగా అంచనా వేసి, తేడా పెద్దగా ఉంటే మూడోసారి చూడండి. ఇద్దరి సంఖ్యలను కలిపి సగం చేసి రాసేయకండి.

బుడుబుంగలు, బొల్లికోళ్లు మునుగుతుంటాయి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి మెల్లగా చూసి, రెండింటిలో ఎక్కువ వచ్చిన సంఖ్య వేసుకోండి.

అసలు చిక్కు మార్ష్ హారియర్‌తో వస్తుంది. ఆ గద్ద శిఖం మీదుగా ఒక్క చుట్టు తిరిగిందంటే బాతులన్నీ లేచి పక్క జట్టు ముక్కలో దిగుతాయి. అప్పుడు టైము, ఎటు పోయాయి, సుమారు ఎన్ని, ఈ మూడూ రాయండి. తర్వాత నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే ఒకే గుంపును రెండుసార్లు లెక్కించారో లేదో తేలుతుంది. టైము రాయని కాగితంతో ఆ పని చేయలేం.

పోల్చుకోలేనివి "గుర్తించని బాతులు - 140" అని రాసేయండి. అది తప్పు కాదు, ఊహించి గార్గనీ ఖాతాలో వేయడమే తప్పు.

కంటిచూపు:
పరికరాల సంగతి. కొత్తవాళ్లకు 8×42 (ఎనిమిది రెట్లు పెంచే) బైనాక్యులర్ ఇవ్వండి, 10×42 వద్దు. పది రెట్లు పెంచితే చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, చూపు వెడల్పు తగ్గుతుంది, గుంపులో పక్షి దొరకదు. అయినా పాకాల వంటి పెద్ద నీటికి బైనాక్యులర్ ఒక్కటే చాలదు. ఎనిమిది మందికి కలిపి 20-60 రెట్లు పెంచే స్పాటింగ్ స్కోప్ (ఒంటి కన్నుతో చూసే దూరదర్శిని) ఒకటి, గట్టి ట్రైపాడ్ ఒకటి ఉండాలి. స్కోప్‌ను 20 లేక 25 దగ్గర పెట్టి లెక్కపెట్టండి, జాతి పోల్చుకోవడానికి మాత్రమే పెంచండి. పది గంటలు దాటాక నీటి మీద వేడి గాలి కదిలి బొమ్మ వణుకుతుంది. అప్పుడు 60కి పెంచినా మసకే పెద్దదవుతుంది. స్కోప్ బాగాలేదని తిట్టుకోకండి.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఐకప్పులను (కంటికి ఆనే రబ్బరు అంచులను) కిందికి తిప్పేయాలి, లేనివాళ్లు పైకి. చాలామంది ఇది చేయక నల్లటి నీడలు చూస్తూ కూర్చుంటారు. రెండు కళ్లకు చూపు తేడా ఉంటే ముందు ఎడమ కంటితో నడిమి చక్రం తిప్పి సరిచేసి, తర్వాత కుడి ఐపీస్ మీది చిన్న చక్రంతో కుడి కన్ను సరిచేసుకోవాలి. ఇది ఇంటి దగ్గరే చేసుకు రావాలి. పొగమంచులో శిఖం మీద నేర్పుకుంటూ కూర్చుంటే పొద్దెక్కుతుంది.

ఆడ బాతులను పోల్చడం: ఆడ గార్గనీకి ముక్కు మొదట్లో తెల్ల మచ్చ, కన్ను మీద లేత గీత, చెంప మీద ముదురు గీత ఉంటాయి. ముఖం చారలుగా కనిపిస్తుంది. ఆడ కామన్ టీల్ ముఖం సాదాగా ఉంటుంది, తోక పక్కన లేత గీత ఉంటుంది. షవలర్‌కు ముక్కే చాలు. సూదితోక ఆడదానికి మెడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో అయితే మగవి కూడా ఆడవాటి రంగులోనే ఉంటాయి, అందుకే ఆ నెలల లెక్కల్లో ఆడ బాతులు విపరీతంగా కనిపిస్తాయి. జనవరికి ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

బుడుబుంగ:
దానికి తోడు: మెడకు రంగు పట్టీ గానీ కాలికి రింగు గానీ ఉన్న పట్టీతల బాతు కనిపిస్తే రంగు, అక్షరాలు, అంకెలు రాసుకుని స్కోప్ గుండా ఫొటో తీయండి. ఆ బాతులు టిబెట్, మంగోలియా, లద్దాఖ్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి ఇక్కడికి వస్తాయి. పట్టీ అక్షరాలు దొరికితే ఎక్కడ వేశారో తెలుస్తుంది. దగ్గరికి పోయి లేపకండి. లేచిన గుంపులో పట్టీ చదవడం ఎవరివల్లా కాదు.

బీట్ ఆఫీస్ పక్కన:
అనుమతుల గురించి ఎవరూ మాట్లాడలేదు. పాకాల చెరువు 860 చదరపు కిలోమీటర్ల పాకాల అభయారణ్యంలో భాగం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలోకి పోవడానికి, అందులో ఫొటోగ్రఫీకి, అధ్యయనానికి అటవీశాఖ అనుమతి కావాలి. కట్ట వరకు పర్యాటకులను రానిస్తారు కదా అని ఎగువ శిఖం వైపు అడవి దారిన దిగిపోతే మిమ్మల్ని ఆపుతారు, ఆపడం సరైనదే. రేంజ్ ఆఫీసుకు వారం ముందే కాగితం ఇవ్వండి: పేర్లు, ఫోన్లు, బండ్ల నంబర్లు, ఏ రోజు, ఏ ఒడ్డు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా. గణన కోసం అని రాస్తే తరచుగా బీట్ సిబ్బందినే తోడు పంపుతారు. వాళ్లకు దారులు తెలుసు, అది మీకే లాభం.

డ్రోన్ తేవద్దు. అనుమతి సంగతి అటుంచితే, దాని నీడ పడితే బాతులకు అది గద్దే. మొత్తం చెరువు లేస్తుంది, మీ లెక్కా పోతుంది. ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవడం కూడా వద్దు.

మొసళ్లు: పాకాలలో మగ్గర్ మొసళ్లు ఉన్నాయి. చలి ఉదయాల్లో బురద ఒడ్డున ఎండ కాగుతుంటాయి. మీరు వెతుకుతున్న శిఖం అంచే వాటిదీ. నీటికి కనీసం పది మీటర్ల దూరంలో నిలబడండి. జమ్ము పెరిగిన అంచుకు ఇంకా దూరం. చేతులు కడగడానికి, సీసా నింపడానికి నీటి దగ్గర వంగద్దు. ఫిబ్రవరి నుంచి ఒడ్డున గోతులు తీసి గుడ్లు పెడతాయి, అప్పుడు తల్లి పక్కనే ఉంటుంది. మొసళ్ల కోసమే ప్రత్యేకంగా చూడాలంటే మంథని వైపు గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యం వేరుగా ఉంది, దాన్ని ఈ రెండు రోజుల్లో ఇరికించకండి.

నర్సంపేట రోడ్:
బురద సంగతి గూడ జర చెప్పున్రి ఎవలన్న. పైన ఎండి పగుళ్లిచ్చిన రేగడి కింద మెత్తగ ఉంటది. ఐదడుగుల కర్ర ఒకటి పట్టుకొని ముందు గుచ్చి, తర్వాత అడుగెయ్యాలె. రబ్బరు బూట్లు వేస్తే పిక్కల దాక దిగి బూటు అక్కడనే ఉండి కాలు ఒక్కటే బయటికొస్తది. పట్టీలున్న పాత చెప్పులు మేలు. గడ్డిల గోమార్లు ఉంటయ్, ప్యాంటు సాక్సుల్ల దోపుకోండి, సాయంత్రం ఒళ్లంత చూస్కోండి. తెల్ల అంగీలు వద్దు.

గాలం వల:
అందరూ బాతుల గురించే రాస్తున్నరు. ఆ చెరువు మీద బతికేటోళ్ల గురించి ఒక ముక్క. మత్స్య సహకార సంఘం వాళ్లను పలకరించకుండ శిఖంల దిగద్దు. ఏ మూలకు ఎన్ని బాతులున్నయో వాళ్లకే ఎరుక, రోజూ పొద్దుగాల తెప్ప మీద ఉండేది వాళ్లే. మీరు స్కోప్ పెట్టంగనే వల గుంజుతున్న మనిషిని "పక్కకు జరుగు" అన్నరంటే పని ఖరాబైతది.

వలల్లో నీటికాకులు, బుడుబుంగలు చిక్కి సచ్చేది నిజమే. నైలాన్ సన్నపోగు వల నీళ్లల్ల కనిపించదు, మునిగిన పక్షి తల దూర్చి ఊపిరాడక చస్తది. ఎక్కువ నష్టం రోజూ తీసే వలతో కాదు, చినిగిపోతే వదిలేసిన వలతో. చెట్టు మోడుకు చిక్కి ఏండ్ల తరబడి అట్లనే పట్టుకుంటుంటది. మీ యాత్రల పక్షుల లెక్కతోటి వదిలేసిన వలల లెక్క గూడ రాయండి, ఎక్కడ, సుమారు ఎంత పొడుగు అని. సంఘానికి ఇస్తే వాళ్లే తెప్ప మీద పోయి తీస్తరు.

శిఖం గట్టు:
గాలం అన్న మాట ఒప్పుకుంటా. కానీ చేపపిల్లల సంగతి కూడా మాట్లాడుకోవాలి. చెరువుల్లో ఏటా వదిలే పిల్లల్లో బొచ్చె, రోహులతో పాటు బంగారుతీగ ఉంటుంది. అది అడుగు బురదను ముక్కుతో తవ్వి తింటుంది. నీటి అడుగు మొక్కల వేర్లు లేస్తాయి, నీరు మురికి పట్టి ఎండ లోపలికి దిగదు, మొక్కలు మళ్లీ రావు. ఆ మొక్కలు, వాటి గింజలు, వాటి మీది పురుగులే బాతుల తిండి. ఒక చెరువులో మట్టం బాగుండి, శిఖం బాగుండి, అయినా బాతులు రాకపోతే నీటి రంగు చూడండి. మోకాలి లోతులో మీ పాదం కనిపించకపోతే కారణం అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

గాలం వల:
అన్నా, బంగారుతీగ ఒక్కటే మురికి చేస్తదా? ఎగువ పొలాల నుంచి వచ్చే మన్ను, ఊరి మోరీ నీళ్లు, దున్నపోతులు? పాకాల అసొంటి పెద్ద నీళ్లల్ల బంగారుతీగ పాలు ఎంత, ఊరి కుంటల ఎంత? చిన్న కుంటల నువ్వన్నది నిజం. పెద్ద చెరువుల అంత తేల్చి చెప్పలేవు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితే వేరే ముచ్చట, అది మన దేశంల నిషేధం, కొర్రమట్ట పిల్లలను గూడ మింగుతది. ఎవలైన దొంగతనంగ పెంచితే వరదకు గట్టు తెగి చెరువులకు వస్తది. అది కనిపిస్తే ఫొటో తీసి మత్స్యశాఖకు చెప్పండి.

శిఖం గట్టు:
చిన్న కుంటలకే ఎక్కువ వర్తిస్తుంది, సరే.

కలుపు మొక్కల్లో రెండింటిని విడిగా చూడాలి. గుర్రపు డెక్క నీటి మీద తేలుతుంది, లొట్టపీసు ఒడ్డున పాతుకుంటుంది. గుర్రపు డెక్క పెరిగిందంటే చెరువులోకి మోరీ నీళ్లు వస్తున్నాయని అర్థం. నైట్రోజన్, ఫాస్ఫరస్ దొరికి, ఎండ ఉంటే రెండు వారాల్లో రెండింతలు అవుతుంది. మిషన్‌తో కోసి ఒడ్డున కుప్ప పోస్తే కుళ్లిన రసం తిరిగి చెరువులోకే దిగుతుంది, ముక్కలు మళ్లీ మొలుస్తాయి. పూత రాకముందే, గాలి ఒక మూలకు తోసినప్పుడు, తాడు అడ్డం కట్టి లాగి, నీటి అంచుకు దూరంగా పోసి ఎరువు చేస్తేనే పని. దాన్ని తినే నియోకెటినా ముక్కుపురుగులను 1980ల్లోనే మన దేశంలో వదిలారు. అవి పనిచేస్తాయి కానీ ఏళ్లు పడుతుంది, మధ్యలో ఎవరైనా మందు కొడితే పురుగులూ పోతాయి.

లొట్టపీసు ఇంకా మొండి. కొట్టిన కొమ్మ తడి నేల మీద పడితే అదే వేరు పోసుకుంటుంది. నేల మెత్తగా ఉన్నప్పుడు వేర్లతో సహా పెకిలించి, గట్టి నేల మీద ఎండబెట్టాలి. శిఖం అంతా అది కమ్మితే ఉల్లంకులకు చోటే ఉండదు. మేకలు అలవాటు పడి తింటే జబ్బు పడతాయి.

జమ్మును మాత్రం మొత్తం పీకేయమని ఎవరైనా అంటే వినకండి. నీలిబొల్లికోళ్లు, బిట్టర్న్‌లు గూడు పెట్టేది అందులోనే. అక్కడక్కడ మడులుగా వదిలి, నడుమ నీటి సందులు తెరిస్తే చాలు. తామర ఉన్నచోట జకానాలు వానాకాలంలో ఆకుల మీదే గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో అటు పడవ తిప్పకూడదు.

తూము నెం. 2:
పూడికతీత మాట రాకుండా ఈ చర్చ పూర్తి కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది, లక్ష్యంగా పెట్టుకున్న చెరువులు 46 వేలకు పైగా. నీటి నిల్వకు అది అవసరమే. కానీ తవ్వే చోటు తప్పితే రెండు విధాలా నష్టం. వాగు చెరువులో కలిసే చోట బరువైన ఇసుక, గరుసు ముందే పడిపోతుంది. సన్నటి ఒండ్రు కట్ట దాకా వచ్చి దిగుతుంది, పొలానికి పనికొచ్చేది అదే. అయితే ఎండాకాలం ముందు ఎండేది శిఖం, జేసీబీ సులువుగా దిగేదీ శిఖమే. అందుకే చాలా చోట్ల అక్కడే తవ్వుతారు. ఫలితంగా పలచని వాలు పోయి నిట్రగా దిగే గుంతలు మిగులుతాయి. నిండాక ఆ గుంతలు పైకి కనిపించవు, పశువులకూ పిల్లలకూ ప్రమాదం. పక్షులకు నిలబడే చోటు ఉండదు.

పనుల అంచనా రాసేటప్పుడే చెప్పించాల్సిన మాటలు: తవ్వకం తూముల వైపు నుంచి మొదలుపెట్టాలి, ఎగువ అంచున ఒక పట్టీని ముట్టుకోకూడదు, గుంత తీస్తే అంచు వాలుగా చెక్కాలి, మట్టి మిగిలితే నడుమ ఒకటి రెండు దిబ్బలుగా పోయాలి. దిబ్బ మీద నల్లతుమ్మ నాటితే కొన్నేళ్లకు కొంగలు గూళ్లు పెడతాయి. పని మొదలయ్యాక చెబితే కాంట్రాక్టరు వినడు, కొలతలు అప్పటికే రాసి ఉంటాయి.

వరంగల్ భద్రకాళి చెరువును 2024 నవంబరులో పూడిక కోసం ఖాళీ చేశారు. అలాంటి సమయంలో లెక్క తీసిన సంఖ్యను మామూలు ఏడాదితో పోల్చకండి, కాగితం మీద "చెరువు ఖాళీ" అని తప్పక రాయండి.

హన్మకొండ సైకిల్:
సార్, ఈ చెరువులకు చిత్తడి నేలల చట్టం వర్తించదా? శిఖం ఆక్రమిస్తుంటే దాన్ని చూపించొచ్చు కదా?

బీట్ ఆఫీస్ పక్కన:
అక్కడే మెలిక ఉంది. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో నిర్వచనం చదవండి. నదీ ప్రవాహాలు, వరి పొలాలు, తాగునీటికి కట్టినవి, చేపల పెంపకానికి, ఉప్పుకు, వినోదానికి, సాగునీటికి మనుషులు కట్టిన నీటి వనరులు అన్నిటినీ బయట పెట్టారు. కాకతీయుల చెరువు ఎనిమిది వందల ఏళ్లుగా చిత్తడి నేలగానే ఉన్నా, కట్టింది సాగుకు కాబట్టి ఆ నిర్వచనంలోకి రాదు. తెలంగాణ చెరువులన్నిటి కథా ఇంచుమించు ఇదే.

అలాగని దారి లేకుండా పోలేదు. 2.25 హెక్టార్లకు పైబడి శాటిలైట్ అట్లాస్‌లో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను పాత 2010 నిబంధనల్లోని సూత్రాల ప్రకారం కాపాడాలని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. ఫిర్యాదు రాసే ముందు మీ చెరువు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పాకాల అభయారణ్యం లోపల ఉంది కాబట్టి దానికి వన్యప్రాణి చట్టమే గట్టి ఆధారం. మిగతావాటికి రెవెన్యూ రికార్డులో శిఖం నమోదు, ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత) రాళ్లు, ఇవే పనికొస్తాయి. ఆక్రమణ మీద దరఖాస్తు పెడితే "పక్షులకు నష్టం" అని మొదలుపెట్టకండి. సర్వే నంబరు, ఎఫ్‌టీఎల్ హద్దు, తేదీ ఉన్న ఫొటో, అక్షాంశ రేఖాంశాలు ముందు పెట్టండి. పక్షుల సంఖ్య జతగా పెట్టండి. తహసీల్దారు చూసేది మొదటివే.

కొత్త సభ్యుడు 77:
చచ్చిన పక్షులు కనిపిస్తే ఏం చేయాలి?

పశువుల డాక్టర్:
చేతితో ముట్టుకోవద్దు. ఒకటి రెండైతే వలో, గద్దో, కరెంటు తీగో కావచ్చు. ఒకేచోట చాలా ఉంటే, బతికున్నవాటికి కాళ్లు చచ్చుబడి, రెక్కలు వేలాడి, మెడ నిలపలేక తల నీళ్లలో వాలుతుంటే బోటులిజం అనుమానించాలి. 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో వేల పక్షులు దానితోనే పోయాయి. కుళ్లిన కళేబరంలో విషం తయారవుతుంది, దానికి పట్టిన పురుగులను తిన్న పక్షి చస్తుంది, దాని నుంచి మళ్లీ పురుగులు. ఆ గొలుసు తెగాలంటే కళేబరాలను త్వరగా తీసి కాల్చాలి లేదా లోతుగా పూడ్చాలి. కానీ ఆ పని మీది కాదు. బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు కాబట్టి ముందు పశుసంవర్ధక శాఖ నమూనా తీయాలి. మీరు చేయాల్సింది: దూరం నుంచి ఫొటో, జాతి, సుమారు సంఖ్య, మ్యాపు గుర్తు, అటవీశాఖకూ పశువైద్యశాలకూ ఫోన్. ఇంట్లో కోళ్లు ఉన్నవాళ్లు ఆ రోజు చెప్పులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే కోళ్ల దగ్గరికి పోవాలి.

వలలో బతికున్న పక్షి దొరికితే లాగకండి. తువ్వాలు కప్పి రెక్కలను ఒంటికి ఆనించి పట్టుకుని, కాళ్ల దగ్గర నుంచి పోగులు కత్తిరించాలి. నీటికాకి, కొంగ కంటికి గురిపెట్టి పొడుస్తాయి, ముక్కును ఇంకొకరు పట్టుకోవాలి. ముక్కు రంధ్రాలు మూయద్దు. నీటికాకికి బయట రంధ్రాలు ఉండవు, నోటితోనే ఊపిరి తీస్తుంది, దాని ముక్కును గట్టిగా మూసి పట్టుకోకూడదు. విడిపించాక ఇంటికి తేకుండా బీట్ సిబ్బందికి ఇవ్వండి.

హన్మకొండ సైకిల్:
అందరి మాటలూ కలిపి ఇట్ల రాసుకున్న, తప్పుంటే చెప్పండి. మొదటి రోజు ఐదింటికి బయలుదేరి ఆరున్నరకు పాకాల ఎగువ ఒడ్డు, తొమ్మిదిన్నర దాక లెక్క, పదకొండింటికి రామప్పకు. మధ్యాహ్నం గుడి చూసి, నాలుగింటికి చెరువు. రాత్రి ములుగులో. రెండో రోజు ఆరున్నరకు లక్నవరం వేలాడే వంతెన దగ్గర మొదలు.

నర్సంపేట రోడ్:
వంతెన దగ్గర వద్దు తమ్మీ. అక్కడ స్పీడు బోట్లు తిరుగుతయ్, నీటికాకులు తప్ప ఏం దొరకవు. బోట్లు మొదలయ్యే లోపే ఎగువ మూలకు పోయి కూర్చో. ఫారెస్టోళ్ల కాగితం లక్నవరానికి గూడ తీస్కో.

బుడుబుంగ:
ఇంకో రెండు సవరణలు. రామప్పలో సాయంత్రం లెక్కపెడితే ఎండ దిక్కు తిరగబడుతుంది, ఈసారి పడమటి ఒడ్డు కావాలి. పైగా చీకటి పడుతుంటే గూటికి చేరే కొంగలు, నీటికాకులు చుట్టుపక్కల కుంటల నుంచి కూడా వచ్చి పడతాయి. అందుకే ఆ సంఖ్యను "గూటి లెక్క" అని వేరే కాగితం మీద రాయండి, పాకాల ఉదయపు లెక్కతో కలపకండి. రెండోది, ప్రతి కాగితం మీద గేజీ మట్టం, కలుపు సుమారు ఎంత శాతం కమ్మింది, పడవలు ఎన్ని తిరిగాయి అన్నవి పక్షుల కంటే ముందే నింపండి. ఒడ్డు మొత్తం చూసినా ఏ పక్షీ కనిపించకపోతే సున్నా రాసి పంపండి. ఖాళీగా వదిలితే అక్కడికి ఎవరూ పోలేదనుకుంటారు.

హన్మకొండ సైకిల్:
సరే అక్కా. రేంజ్ ఆఫీసు కాగితం సోమవారం ఇస్తున్నం. స్కోప్ ఒక్కటే తక్కువ ఉంది, వరంగల్‌ల ఎవరి దగ్గరన్న ఉంటే ట్రైపాడ్‌తో సహా రెండు రోజులు ఇస్తరా?

కంటిచూపు:
నా దగ్గర ఉంది, తీసుకుపో. ట్రైపాడ్ పాన్ హెడ్ బిగించే మర కొంచెం వదులు, ఒక అలెన్ కీ జేబులో పెట్టుకో.